తొలిముద్ద

మామ్మ కోసం అద్దెకు తెచ్చిన ఆస్పత్రి మంచాన్ని మొన్న అద్దెకిచ్చినవాళ్ళొచ్చి తీసుకుపోయారు. అది ఉన్నచోట నేల మీద చక్రాల గుర్తులు మిగిలాయి. తుడిస్తే పోతాయి గానీ మాలో ఎవరికీ తుడవడానికి చెయ్యి రాలేదు. ఇంట్లో పెద్దవాళ్ళకి జబ్బు చేసి, ఏం చెయ్యాలో తోచక ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నవాళ్ళు ఎక్కడైనా ఉంటే వాళ్ళకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను. రాస్తే నా గుండె కూడా కాస్త కుదుటపడుతుందని ఆశ.

మామ్మ అంటే మా ఆయన రవికి నాన్నమ్మ. పేరు అప్పలనరసమ్మ. పుట్టింది మా విజయనగరం వైపే. పాలు మానిన వయసులోనే తల్లిదండ్రులతో ఓడెక్కి మలయా కొబ్బరితోటలకి వచ్చింది. పెళ్ళయ్యాక, జపానువాళ్ళ యుద్ధం ముగిశాక, మొగుడితో సింగపూర్ చేరింది. చోవా చూ కాంగ్‌లో అప్పుడు ఫ్లాట్లూ లేవు, రైలూ లేదు. నడుమెత్తు పెరిగిన మొండిగడ్డిని ఇద్దరూ కొట్టి, వేళ్ళతో సహా తవ్వి, ఆకుకూరల మళ్ళు చేశారు. ఆవుల్ని కొన్నారు. కొడుకు బడికి వెళుతున్న రోజుల్లోనే మొగుడు పోయాడు. అక్కడి నుంచి ఆ పొలాన్ని మామ్మ ఒంటిచేత్తో నడిపింది. పాలు పితకడం, కావడితో మళ్ళకి నీళ్ళు మొయ్యడం, కూరలు కట్టలు కట్టి బజారుకి పంపడం అన్నీ తనే. చాలా ఏళ్ళ తర్వాత ఆ నేల ప్రభుత్వం తీసుకుని ఫ్లాట్లు కట్టింది. వాటిలో ఒకదాంట్లోకే మారింది. "నా ఆవుల సాల మీదే లిఫ్టెట్టినారు" అనేది. నిజమో, కోపమో నాకు తెలియదు.

కొడుకు, అంటే మా మావయ్య, తంజోంగ్ పగార్ ఓడరేవులో క్రేన్ నడిపి రిటైరయ్యారు. రూలు అంటే రూలే ఆయనకి. సిగ్నల్లో ఎర్ర మనిషి బొమ్మ వెలుగుతుంటే, రోడ్డు మీద ఒక్క కారు లేకపోయినా కదలరు. మా అత్తయ్య నేను కాపురానికి రాకముందే పోయారు. ఆ ఇంట్లో నన్ను చేరదీసింది మామ్మే. వన్-నార్త్‌లో అద్దాల భవనంలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నా ఉద్యోగం. ఐటీ ఊపు మీద ఉన్న రోజులు, సోమవారం వచ్చిందంటే హైదరాబాద్ నుంచి ఎవరో ఒకరు కొత్తగా దిగేవారు. నేనేం పని చేస్తానో మామ్మకి చెబితే బుగ్గన వేలెట్టుకుంది.

"ఒకలు సేసిన పనిలో తప్పులెతికితే జీతమిత్తారేటే? అలగయితే మా అత్తకి బోలెడు జీతమొచ్చును."

జబ్బు బయటపడింది చైనీస్ కొత్త సంవత్సరం నాడు. పక్క బ్లాకులో ఉండే గెక్ ఆంటీ ఆనవాయితీగా రెండు కమలాపళ్ళు తెచ్చింది. ఆవిడా పాత రైతే. పొలాల రోజుల్లో మామ్మ మడి పక్క మడి ఆవిడది, పందుల్ని పెంచేది. ఆవిడకి తెలుగు రాదు, మామ్మకి చైనీస్ రాదు, ఇద్దరూ మలయ్‌లో యాభై ఏళ్ళుగా పోట్లాడుకుంటున్నారు. ఆ పళ్ళు అందుకున్న మామ్మ, బరువైనట్టు వెంటనే బల్ల మీద పెట్టేసింది. గెక్ ఆంటీ నన్ను వంటింట్లోకి లాగి, "దాని కళ్ళు చూడు, పసుపు" అంది ఇంగ్లీషులో. రోజూ చూసేవాళ్ళం మాకు కనపడలేదు. పైత్యం అనుకుని వాముకషాయాలు పట్టిస్తూ కూర్చున్నాం.

తర్వాత నెలంతా వెయిటింగ్ రూముల్లోనే గడిచింది. మామ్మకి ఆ ఏసీ పడేది కాదు. నా ఆఫీసు స్వెట్టరు చీర మీద తొడుక్కుని, మంకీక్యాప్ పెట్టుకుని కూర్చునేది. గోడ మీద నంబర్లు మారుతుంటే అందరూ వాటినే చూసేవారు, ఆవిడ మాత్రం మనుషుల్ని చూసేది. పక్కన ఎవరు కూర్చున్నా "తిన్నావా?" అని మలయ్‌లో అడిగేది. ఊడ్చేవాడిని అడిగింది, చక్రాల కుర్చీ తోసేవాడిని అడిగింది, చివరికి స్కాన్ కాగితాలు చూస్తున్న డాక్టరమ్మనీ అడిగింది. ఆ పిల్ల పాపం నవ్వి, ఇంకా లేదంది. మామ్మ తన సంచిలోంచి బిస్కెట్టు తీసి బల్ల మీద పెట్టింది. ఆ బిస్కెట్టు వంకే చూస్తూ డాక్టరమ్మ మావయ్యనీ నన్నూ పక్కగదిలోకి రమ్మంది. కాలేయంలో గడ్డ. ఈ వయసులో కొయ్యలేరు. బాధ లేకుండా చూడగలరు, అంతే.

"అమ్మకి చెప్పొద్దు" అన్నారు మావయ్య. సరే అన్నాం. ఇంటికి వచ్చే టాక్సీలో మామ్మ కిటికీలోంచి చూస్తూ, "నా పాత సీరలు గెక్‌కి ఇయ్యకండి, అది కట్టదు, మసిగుడ్డలు సేసీగలదు" అంది. ఇంక దాచడానికి ఏముంది!

ఏప్రిల్‌లో జ్వరం పట్టుకుని ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది. జ్వరం మందులకి లొంగింది. కానీ మామ్మ తిండి మానేసింది. కాఫీ ఇస్తే తాగేది, నీళ్ళు తాగేది. ముద్ద మాత్రం పెదవి దాటనిచ్చేది కాదు. జావ, ఇడ్లీ, పెరుగన్నం, నేను పొద్దున్నే లేచి చేసుకెళ్ళిన చారన్నం, ఏది తెచ్చినా మొహం తిప్పుకునేది. తిప్పుకునే ముందు ప్రతిసారీ ఒకే మాట అడిగేది.

"గొడ్లకెట్టినారా?"

మావయ్యకి ఆ ప్రశ్న తెలుసు. పొలం రోజుల్లో మామ్మ గొడ్లకి పెట్టకుండా ముద్ద ముట్టేది కాదట. కుడితి తాగి అవి మూతి నాక్కున్నాకే తను కంచం ముందు కూర్చునేది. ఆకలికి ఏడుస్తున్నా కొడుక్కి కూడా ముందు పెట్టేది కాదట. ఆ కోపం ఆయనకి ఇంకా కాస్త ఉంది. ఫ్లాట్‌కి వచ్చాక కొన్నాళ్ళు వరండా పిట్టగోడ మీద అన్నంముద్ద పెట్టేది, గోరింకలు వచ్చి తినేవి. అంతలో లిఫ్టు పక్కన నోటీసు అంటించారు, పిట్టలకి తిండి పెడితే ఫైన్ అని. మావయ్య ఆవిడ చేత మానేస్తానని మాట తీసుకున్నారు. మామ్మా మానేసింది. ఇదంతా నేను కాపురానికి రాకముందు సంగతి.

అందుకని ఆ ప్రశ్న విన్నప్పుడల్లా మావయ్య ఓపిగ్గా చెప్పేవారు. "అమ్మా, గొడ్లు ఇప్పుడు నేవు. ఎప్పుడో అమ్మీసినాం కదా."

ఆవిడ కళ్ళు మూసుకునేది. బయటికి వచ్చి ఆయన నాతో అనేవారు. "అమ్మ మైండ్ ఆ పాత పొలానికి వెళ్ళిపోయిందమ్మా. అది రాదు ఇంక."

నాకూ అలాగే అనిపించింది. ఒకసారి ఆయన తలుపు దగ్గర ఫోను మాట్లాడుతున్నప్పుడు నేను తెగించి, "పెట్టేశాం మామ్మా, కడుపునిండా తిన్నాయి" అన్నాను. ఆవిడ కళ్ళు తెరిచి నన్ను చాలాసేపు చూసింది. ఆ చూపులో మతి పోవడం ఏమీ లేదు. పాలలో నీళ్ళు కలిపిన మనిషిని చూసినట్టు చూసింది. అయినా డాక్టర్లు మతి భ్రమించిందనే అనుకున్నారు, మేమూ తల ఊపాం.

డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి మెత్తగానే చెప్పింది. తనంతట తాను తింటే ఇంటికి తీసుకెళ్ళొచ్చు, కొన్ని నెలలు బాగానే ఉండొచ్చు. తినకపోతే ముక్కులోంచి గొట్టం వెయ్యాలి, పీకేసుకోకుండా చేతులకి తొడుగులు కట్టాలి, అప్పుడు ఇంట్లో చూసుకోవడం మా వల్ల కాకపోవచ్చు. సోమవారం దాకా చూద్దాం అంది. రవి గొట్టం వద్దన్నాడు. మావయ్య కావాలన్నారు. "ఆకలితో చంపమంటావా మా అమ్మని?" అని ఆయన అడిగారు. తండ్రీకొడుకులు లిఫ్టులో కూడా చెరో మూల నిలబడ్డారు. నాకైతే మామ్మ చేతులే కళ్ళలో మెదిలాయి. ఆవుల్ని పితికి పితికి బొటనవేళ్ళు వంకర తిరిగిన చేతులు. వాటికి తొడుగులు వేసి మంచానికి కడతారన్న ఆలోచన నేను భరించలేకపోయాను. రైల్లో నిలబడి ఏడ్చాను. ఎదురుగా కూర్చున్న ముక్కూమొహం తెలియని ముసలాయన లేచి తన సీటు నాకు ఇచ్చాడు.

ఆదివారం గెక్ ఆంటీ వచ్చింది. అన్నాళ్ళూ సరిహద్దు అవతల జోహోర్‌లో కూతురి దగ్గర ఉండిపోయిందట. వస్తూనే మంచం పక్క కుర్చీ మీద టిష్యూ ప్యాకెట్టు పడేసి, ఈ ఊరి పద్ధతిలో ఆ చోటు తనదని చోప్ చేసుకుంది, ఆ కుర్చీలో మావయ్య కోటు ఉందన్న సంగతి కూడా చూడలేదు. ఫ్లాస్కులోంచి జావ గిన్నెలో పోసింది. మామ్మ ఆవిడని చూసి సన్నగా నవ్వి, మలయ్‌లో ఏదో గొణిగింది. గెక్ ఆంటీ చెంచా ఆపి మా అందరి వైపూ తిరిగింది.

"ఎన్ని రోజులైంది ఇది తిని?"

చెప్పాను.

"మరి మీరెవరూ కింద పెట్టలేదా?"

మాకు అర్థం కాలేదు. ఆవిడ నాలుక చప్పరించి, గిన్నెలోంచి ఒక చెంచా జావ టిష్యూలో పోసి, మూట కట్టి, తన హ్యాండ్‌బ్యాగులో పెట్టి జిప్పు వేసింది. వార్డు దాటి లిఫ్టు వైపు నడిచింది. నేను వెనకాల పరిగెత్తాను. ఆస్పత్రి వెనక చిన్న తోట ఉంది, అక్కడ రోగులు చక్రాల కుర్చీల్లో ఎండ కాగుతుంటారు. గెక్ ఆంటీ అటూ ఇటూ చూసి, పొద చాటున ఆ టిష్యూ విప్పింది. విప్పీ విప్పకముందే రెండు గోరింకలు దిగాయి. ఈ ఊరి గోరింకల సంగతి చెప్పాలా, హాకర్ సెంటర్లో తింటూ తింటూ నీళ్ళకి లేస్తే చాలు ప్లేట్లో కూర్చుంటాయి.

"రోజూ మా ఇద్దరి పని ఇదే" అంది ఆవిడ ఇంగ్లీషులో. "మీ మావ బయటికి వెళ్ళాక, నువ్వు ఆఫీసుకి వెళ్ళాక, బ్లాకు వెనక కాలవ గట్టున. దానికి చేతకాక మంచం ఎక్కాక నేనే వచ్చి తీసుకెళ్ళి పెట్టేదాన్ని. ముందు ముద్ద దానిది కాదు. అది నీకు తెలియదా?"

తెలియదు. ఒకే కప్పు కింద నాలుగేళ్ళున్నాను, ఆవిడ మానలేదన్న సంగతే తెలియదు.

పైకి వెళ్ళాం. గెక్ ఆంటీ మంచం దగ్గర నిలబడి ఒక్కటే మాట అంది. "సుదా." అయిపోయింది అనడానికి మలయ్ మాట. మామ్మ ఆవిడ మొహంలోకి చూసి, తలూపి, నోరు తెరిచింది. గిన్నెడు జావ తాగింది. మధ్యలో ఉప్పు లేదని తిట్టింది కూడా. మలయాళీ నర్సమ్మ తెర పక్కన నిలబడి, గోరింకల సంగతి నేను మావయ్యకి చెప్పడం విని, "నేనేమీ చూడలేదు" అని కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది.

మావయ్య కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలెట్టారు. ఎంత తుడిచినా ఆయనకి తృప్తిగా లేదు. "నాకు చెప్పొచ్చు కదా" అన్నారు, ఎవరితో అంటున్నారో తెలియకుండా.

అదే మాట మర్నాడు ఆయన లేనప్పుడు నేను మామ్మని అడిగాను. "చెబితే మేమే పెట్టేవాళ్ళం కదా మామ్మా. ఉన్న మాట చెప్పడానికేం?"

"ఆడు పోలీసోడిలాగ పక్కనే కూకున్నాడు కదే గుంటా. ఎట్టనని మాటిచ్చీసినాను. ఇప్పుడు ఎట్టమని ఏ మొకంతో అడగనే? అందుకే గొడ్ల పేరెట్టి అడిగినాను. ఆడికి గుర్తొత్తాదనుకున్నాను."

"గుర్తొచ్చింది మామ్మా. అందుకే నీకు మతి పోయిందనుకున్నాం."

మామ్మ నవ్వితే పొట్ట నొప్పెట్టింది. పొట్ట పట్టుకునే నవ్వింది.

గొట్టం మాట మళ్ళీ రాలేదు. ఆ వారమంతా ఆఫీసుకి వెళ్ళేముందు ఆస్పత్రికి వెళ్ళి, మొదటి చెంచా తోటలో పెట్టి, పైకొచ్చి "సుదా" అని చెప్పి, ఆవిడ తింటుంటే చూసి, అప్పుడు రైలెక్కేదాన్ని. మీటింగులకి ఆలస్యమయ్యేది. మా మేనేజరు కారణం అడిగితే ఇంట్లో జబ్బు అన్నాను గానీ, గోరింకలకి పెట్టి వస్తున్నానని చెప్పలేదు. ఆయన ఆ మీటింగులు అరగంట వెనక్కి జరిపాడు. పేరు పేరునా చెప్పుకోవాల్సిన ఇలాంటి ఉపకారాలు ఎన్నో ఉన్నాయి, అప్పుడు కళ్ళకి కనపడలేదు.

మే నెలలో మామ్మ ఇంటికి వచ్చింది. తలుపు తెరిస్తే వరండాలో కుండీలు కనపడేలా మంచం వేయించాం. గోంగూర, కరివేపాకు, ఒక మొండి వంగమొక్క. మంచంలోంచే పెత్తనం చేసేది. ఈ కుండీకి నీళ్ళెక్కువయ్యాయి, ఆ ఆకు కింద పురుగు చూడు, అని. సాయంత్రాలు నేను కాళ్ళకి కొబ్బరినూనె రాస్తుంటే పొలం కబుర్లు చెప్పేది. వానకి కప్పు లేచిపోతే దూడల్ని మంచాల మీద ఎక్కించి తాము నేల మీద పడుకున్న కబురు. మొగుడు పోయిన పొద్దున కూడా పాలు పితికిన కబురు.

"ఏడుపు రాలేదా మామ్మా?"

"వచ్చింది. ఆవు పొట్టకి తలానించి ఏడిసినాను. అది కదలకుండా నిలబడింది. పితక్కపోతే దానికి పొదుగు సలుపుతాది కదే, నా మొగుడు పోతే దానిదా తప్పు?"

ఆ మాట విన్నాక ఆవిడ తొలిముద్ద సంగతి నాకు పూర్తిగా అర్థమైంది. పుణ్యం కోసం కాదు అది. ఎంత కష్టంలోనైనా తనకంటే ముందు ఆకలయ్యేది ఒకటుందని రోజూ గుర్తుచేసుకోవడం. ఆ గుర్తుతోనే ఆ మనిషి లేచి నిలబడింది, పొలం నిలబెట్టింది.

తొలిముద్ద కిందికి తీసుకెళ్ళే పని నాదే. గెక్ ఆంటీ కాలవ గట్టున కాపలా కాసేది. నేను బాక్సు పట్టుకుని బయల్దేరే వేళకి మావయ్య పేపరు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకునేవారు. ఆయన మాట ఆయనది. ఒక్కసారి కూడా వద్దనలేదు, ఒక్కసారి కూడా తను పెట్టలేదు.

దీపావళికి ముందు మామ్మ బాగా నీరసించింది. ముద్ద చెంచాకి, చెంచా తడికి వచ్చింది. ఆ రోజు పొద్దున నేను కింద పెట్టి పైకొచ్చి చెప్పాను. ఆవిడ వినలేదేమో అనుకున్నాను. నా చెయ్యి వెతికి పట్టుకుని, "నువ్వు తిన్నావేటే?" అంది. ఇంకా లేదన్నాను. "తినెళ్ళు" అంది. నేను వంటింట్లో దోసె పెనం మీద వేసి తిప్పేలోపు మావయ్య పిలిచారు. ఆయన మామ్మ తల ఒళ్ళో పెట్టుకుని ఉన్నారు. ఇంట్లోనే, తన కుండీలు చూస్తూ, చేతులకి ఏ తొడుగూ లేకుండా వెళ్ళిపోయింది. మేం కోరుకున్నది అదే. అయినా అంత ఏడుస్తానని నేననుకోలేదు.

కర్మలు అయ్యాయి. పిండం కాకి ముట్టాలని మావయ్య ఎండలో నిలబడి ఎదురుచూశారు. ఈ ఊళ్ళో కాకులు తక్కువ. చివరికి పూజారిగారే, సముద్రంలో వదలండి, చేపలు తింటాయి, అన్నారు. మావయ్య మొహం చిన్నబోయింది.

మీ పెద్దవాళ్ళు ఒకే మాట మళ్ళీ మళ్ళీ అడుగుతుంటే వెంటనే జవాబు చెప్పెయ్యకండి. ఎందుకు అడుగుతున్నావని ఒకసారి తిరిగి అడగండి. పక్కన ఎవరు ఉంటే చెప్పలేకపోతున్నారో చూసి, వాళ్ళని కాసేపు కాఫీకి పంపించండి. ఇంతకంటే నాకు తెలిసిన వైద్యం లేదు.

మామ్మ పోయాక నాకు తిండి సయించలేదు. కంచం ముందు కూర్చుంటే ఆ ఆఖరి దోసె గుర్తొచ్చేది. పెనం మీదే మాడిపోయింది అది. రవి బతిమాలాడు, కోప్పడ్డాడు. కాఫీతో గడిపేదాన్ని. నేనూ మామ్మలాగే తయారయ్యానని నాకే తెలుస్తూ ఉండేది, కానీ చెయ్యి నోటి దాకా వచ్చేది కాదు.

మంచం తీసుకుపోయిన మర్నాడు పొద్దున లేచేసరికి వంటింట్లో అన్నం ఉడుకుతున్న వాసన. మావయ్య నాకు వీపు పెట్టి నిలబడి, వేడి అన్నం కాస్త తీసి, ఊదుకుంటూ ముద్ద చేసి, చిన్న ప్లాస్టిక్ కవర్లో వేసి చొక్కా జేబులో పెట్టుకున్నారు. చెప్పులేసుకుని కిందికి వెళ్ళారు. నేను పిట్టగోడ దగ్గరికి వెళ్ళి చూశాను. కాలవ గట్టు మీద, రోడ్డు దాటేవాడిలా కుడీ ఎడమా చూసి, వంగి ముద్ద పెట్టారు. గోరింకలు దిగాయి. అవి తిన్నంతసేపూ నిటారుగా నిలబడ్డారు. తర్వాత జేబులోంచి టిష్యూ తీసి, కింద మిగిలిన మెతుకులు ఒక్కొక్కటీ ఏరి, డస్ట్‌బిన్‌లో వేశారు.

పైకి వచ్చి చేతులు కడుక్కున్నారు. నా కంచంలో అన్నం పెట్టి, నెయ్యి వేసి, నా ఎదురుగా కూర్చున్నారు.

"సుదా" అన్నారు. "ఇంక తినమ్మా."

తిన్నాను.